తొలి నాగరికతలు – తొలి గుమాస్తాలు



ఈ సంచికకు చరిత్ర విషయము ఏదైనా వ్రాసి యిమ్మని సంఘము పెద్దలు అడిగినప్పుడు నేను మొదట వెనుకాడినాను. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషను వరకు చదివి రైల్వేలో గుమాస్తాగా చేరినవాడిని. బస్తాలు, చీటీలు, తూకములు, సంతకములు – ఇదే నా విద్య. అయితే ప్రపంచములోని తొలి నాగరికతలను గురించి చదివేకొద్దీ నాకొక ధైర్యము కలిగినది. ఆ చరిత్రకు మొదటి పుటలో మనకు కనబడేవాడు చక్రవర్తి కాదు, కవి కాదు, నావంటి గుమాస్తాయే! ఆ సంగతిని, దానితోపాటు మన ఇండ్లకు సంబంధించిన ఇంకొక సంగతిని మీకు మనవి చేసుకొందామని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందుగా ఇంటి సంగతి. రెండేండ్ల క్రిందట మధుర జిల్లాలోని మా పల్లెలో తాతగారి ఇల్లు పడగొట్టి కొత్తగా కట్టినారు. అటక మీద ఒక ట్రంకు పెట్టెలో తాతగారి పద్దుల పుస్తకములు నాలుగు ఉండేవి. నేను సెలవు పెట్టి పోయేసరికి మూడు పుస్తకములు పాత కాగితముల వానికి తూకానికి పోయినవి. ఇచ్చినవారిని నేను తప్పు పట్టలేదు. వారు తెరిచి చూసినారు, అక్షరములు తెలియలేదు, తీసి పక్కన పెట్టినారు. మా కుటుంబంలో తెలుగు మాట్లాడనివారు లేరు. చదవగలవాడిని మాత్రము, మా అవ్వ పోయిన తరువాత, నేనొక్కడినే. చిన్నప్పుడు ఆమె చాటలో బియ్యము పరచి నా వేలు పట్టి దిద్దించినది. అంతకు మించి నాకు తెలుగు బడి లేదు.

మిగిలిన ఆ ఒక్క పుస్తకమును కోయంబత్తూరుకు తెచ్చుకొన్నాను. మా చిన్నవాడు దానిని తిరగవేసి, “నైనా, ఇవేమి బొమ్మలు?” అని అడిగినాడు. అవి బొమ్మలు కావు. తెలుగు అంకెలు.

ఆ ప్రశ్న నన్ను చాలా దూరము తీసుకొనిపోయినది.

నది – ధాన్యము – కొట్టు

నాగరికత ఎక్కడ పుట్టినది అంటే అందరూ నదుల పేర్లు చెప్పుతారు. టైగ్రిసు–యూఫ్రటీసు నదుల నడుమ సుమేరు, నైలు ఒడ్డున ఈజిప్టు, సింధు తీరమున హరప్పా, పచ్చనది తీరమున చైనా. సముద్రముల కావల, దక్షిణ అమెరికాలోని పెరూ దేశములో కూడా, నేటికి నాలుగున్నర వేల ఏండ్ల క్రిందటనే కారల్ అనే పట్టణము వెలసినది. వారు మన కోయంబత్తూరు వారివలెనే పత్తి పండించినవారు. ఆ పత్తితో వలలు అల్లి సముద్రతీరపు జాలరులకు ఇచ్చి, బదులుగా చేపలు తెచ్చుకొన్నారు.

ఒకటే దీపము నుంచి అన్ని దీపములూ వెలిగించినట్లు, ఒకటే దేశము నుంచి నాగరికత లోకమంతటికీ పాకినదని ఒకప్పుడు కొందరు అనుకొన్నారు. నేడు పండితులు అట్లా అనుటలేదు. వేరువేరు చోట్ల, వేరువేరు కాలములలో, తమంత తామే మొలిచినవి కొన్ని కలవు.

మొలకెత్తుటకు నది ఒక్కటే చాలదు. నది పండించి ఇస్తుంది. పండినదానిలో తినగా మిగిలినది ఒకచోట చేర్చవలెను. చేర్చినదానిని పంచవలెను. పది ఇండ్ల పల్లెలో ఎవరు ఎంత ఇచ్చినారో, ఎవరికి ఎంత రావలెనో నోటిలెక్క చాలును. వేల మంది ఉన్న పట్టణములో ఒకరి ముఖము ఒకరు ఎరుగరు. అక్కడ నోటిమాట చాలదు, జ్ఞాపకము చాలదు. అక్కడ కావలసినవాడు లెక్క వ్రాసేవాడు.

ఉరుక్ గోదాము

ఇరాకు దేశపు దక్షిణమున ఉరుక్ అనే నగరము ఉండేది. అక్కడ జర్మను పరిశోధకులు త్రవ్వినప్పుడు వేల కొద్ది మట్టిపలకలు దొరికినవి. క్రీ. పూ. 3300 – 3100 నాటివి. పచ్చి మట్టి ముద్దను అరచేతిలో పలకగా చేసి, దాని మీద రెల్లుపుల్లతో గీసినారు. లోకములో మనకు దొరికిన మొట్టమొదటి వ్రాతలలో అవి ఉన్నవి.

వాటిలో ఏమున్నది? దేవతా స్తోత్రమా? యుద్ధ గాథయా? కాదు. యవలు ఇంత, గొర్రెలు ఇన్ని, కూలివారికి బత్తెము ఇంత. అధిక భాగము ఇదే. మిగిలినవి కొత్త గుమాస్తాలు గుర్తులు నేర్చుకొనుటకు వ్రాసిన మాటల పట్టికలు. తల పక్కన గిన్నె గీస్తే ‘తినుట’ అని అర్థము. కొన్ని పలకల మీద ‘కుషిమ్’ అనే పేరు కనబడుతున్నది. బీరు కాచుటకు కావలసిన యవల లెక్క అతని వశమున ఉండేది. అది మనిషి పేరో, ఉద్యోగపు పేరో అని పండితులు వాదించుకొంటున్నారు. మనిషి పేరే అయితే, చరిత్రలో మనకు తెలిసిన మొట్టమొదటి పేర్లలో ఒకటి ఒక గోదాము గుమాస్తాది!

కథలు, నీతులు, స్తోత్రములు వ్రాతకెక్కుటకు ఆ తరువాత ఐదారు వందల ఏండ్లు పట్టినది. కవిగారు వచ్చి కూర్చొన్నది గుమాస్తా వేసిన పలక మీదనే.

లెక్క పుట్టిన తరువాత అప్పు కూడా పుట్టినది. అప్పు తీర్చలేక దాస్యములో పడినవారు పుట్టినారు. క్రీ. పూ. 2400 ప్రాంతములో లగష్ రాజు ఎన్మెతెన అటువంటివారి అప్పులు రద్దుచేసి, వారిని తమ ఇండ్లకు పంపినట్లు శాసనము వేయించినాడు. లెక్క వ్రాయుట ఎంత ముఖ్యమో, ఒక్కొక్కప్పుడు లెక్క కొట్టివేయుట కూడా అంత ముఖ్యమని ఆనాడే తెలిసినది. ఈ మాటను గుర్తు ఉంచుకొనవలెను. చివర మరల దీని దగ్గరకు వస్తాను.

ఈజిప్టులోనూ ఇదే కథ. అబైడాస్ అనుచోట ఒక ప్రాచీన రాజు సమాధిలో 1988లో ఎముకతోను, దంతముతోను చేసిన చిన్న బిళ్లలు నూటికి పైగా దొరికినవి. ఒక్కొక్కటి తపాలా బిళ్లంత ఉంటుంది; దారము కట్టుటకు చిన్న రంధ్రము ఉంటుంది. ఏ సరకు ఎంత, ఎక్కడి నుంచి వచ్చినది అని తెలిపే గుర్తులు వాటి మీద చెక్కినారు. క్రీ. పూ. 3200 ప్రాంతపువి. ఆ ఫోటో చూడగానే నాకు నవ్వు వచ్చినది. పార్సెలు ఆఫీసులో మేము రోజూ మూటలకు కట్టేది ఇదే గదా!

హరప్పా ఇటుకలు – రైలు పట్టాలు

ఇక మన దేశపు మాట. రైల్వేవాడిగా దీనిని తల వంచుకొని చెప్పవలెను. 19వ శతాబ్దపు నడుమ లాహోరు – ముల్తాను రైలు మార్గము వేసిన కంట్రాక్టర్లు హరప్పా దిబ్బలను త్రవ్వి, ఆ ఇటుకలను సుమారు 100 మైళ్ల మేర పట్టాల కింద పరచినారు. ఆ ఇటుకలు నాలుగు వేల ఏండ్లకు పైబడినవని అప్పుడు వారికి తెలియదు. 1921లో దయారాం సహానీ గారు హరప్పాలోను, మరుసటి ఏడు రాఖాల్‌దాస్ బెనర్జీ గారు మొహెంజొదారోలోను త్రవ్వకములు ప్రారంభించినారు. 1924లో సర్ జాన్ మార్షల్ గారు ఇది ఒక మహా నాగరికత అని లోకమునకు చాటినారు. అప్పటికి రైళ్లు ఆ ఇటుకల మీద అరవై ఏండ్లుగా పరుగెత్తుచున్నవి.

సింధు ప్రజల తూకపురాళ్లు పాచికలవలె చదరముగా, నున్నగా ఉంటవి. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు – ఇట్లా ఇబ్బడిగా పెరుగుతవి. పదహారు పాళ్లు గల రాయి సుమారు 13.7 గ్రాములు తూగుతుంది. హరప్పాలో తూచినా, వందల మైళ్ల దూరముననున్న గుజరాతులోని లోథల్‌లో తూచినా తూకము ఒకటే. మన పెద్దల లెక్కలో వీసము అంటే పదహారవ వంతు. రూపాయికి పదహారు అణాలు. అది ఇదేనని నేను చెప్పను. అయినా సగమును సగము చేసి పంచుకొనే అలవాటు ఈ దేశములో చాలా పాతది అనుకొంటే మనసుకు హాయిగా ఉంటుంది.

లోథల్‌లో ఒక సరకుల కొట్టు కాలిపోయినది. సరకులు బూడిద అయినవి గాని, మూటల మీద వేసిన మట్టి ముద్రలు ఆ మంటలోనే కాలి గట్టిపడి నిలిచినవి. ఆ ముద్రలను వెనుకకు తిప్పి చూస్తే తాడు గుర్తు, చాప గుర్తు, గుడ్డ నేత గుర్తు కనబడుతున్నవి. నేటికీ వాగను తలుపుకు సీలు వేసి పంపుట, అది చెడకుండా చేరినదా అని చూచుకొనుట మా పని. పంపినవాడు ఎవరో, అందుకొనేవాడు ఎవరో; ఒకరినొకరు ఎరుగరు. ఇద్దరి నడుమ నమ్మకము ఆ చిన్న ముద్ర. నాగరికత అంటే పెద్ద కోటలు కావు, ఎరుగని మనిషిని నమ్మగలిగే ఏర్పాటు అని నాకు తోచినది.

అయితే ఆ ముద్రల మీద ఏమి వ్రాసినారు? ఎవరికీ తెలియదు. సుమారు నాలుగు వందల రకముల గుర్తులు ఉన్నవి. ఒక్కొక్క ముద్ర మీద సగటున అయిదు గుర్తులే. ఐరావతం మహాదేవన్ గారు 1977లో ఆ వ్రాతలన్నిటికీ పట్టిక కూర్చి ప్రచురించినారు. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వము, దీనిని నిస్సందేహముగా చదివి చూపినవారికి పది లక్షల అమెరికా డాలర్లు బహుమానము ప్రకటించినది.

ఇక్కడ మనము ఒక్క క్షణము ఆగవలెను. క్రీ. పూ. 1900 ప్రాంతము నుంచి ఆ నగరములు క్షీణించినవి. జనము ఒక్కసారిగా చచ్చిపోలేదు. పల్లెలకు పోయినారు, తూర్పునకు పోయినారు, పంటలు పండించుకొన్నారు, పిల్లలను పెంచినారు. ఇంటిలో ఏదో భాష మాట్లాడుకొంటూనే ఉండి ఉంటారు. జనము మిగిలినారు, వ్రాత మిగలలేదు. ఏదో ఒక తరములో ఒక తండ్రి తన కొడుకునకు ఆ గుర్తులు దిద్దించుట మానివేసినాడు. అంతే!

వైగై ఒడ్డున, నొయ్యల్ ఒడ్డున

మనము నివసించే ఈ నేలను గురించి కూడా తెలుసుకొనవలెను. గత వేసవి సెలవులలో పిల్లలను కీళడి తీసుకొనిపోయినాను. మధురకు ఆగ్నేయముగా సుమారు 12 కిలోమీటర్లు. రామేశ్వరము మార్గములో సిలైమాన్ స్టేషనుకు దగ్గర. కొబ్బరి తోటల నడుమ 2014లో కేంద్ర పురావస్తు శాఖ వారు అమరనాథ్ రామకృష్ణ గారి ఆధ్వర్యమున త్రవ్వకములు మొదలుపెట్టినారు. తరువాత రాష్ట్ర శాఖ వారు ఆ పని సాగించినారు. ఇటుక గోడలు, మట్టి వరల బావులు, దంతపు పాచికలు, వడికే కదుళ్ల బిళ్లలు బయటపడినవి. ఒక నమూనా క్రీ. పూ. 580 ప్రాంతమునకు చెందినదని 2019లో ప్రకటించినారు. కాలనిర్ణయమును గురించి పండితులలో వాదము ఇంకా ఉన్నది. 2023 నుంచి అక్కడ చక్కని ప్రదర్శనశాల ఉన్నది, తప్పక చూడవలసినది.

అక్కడ నన్ను కట్టి నిలిపినవి కుండ పెంకులు. వాటి మీద ‘ఆదన్’, ‘కువిరన్’ అని తమిళ బ్రాహ్మిలో పేర్లు గీసి ఉన్నవి. రాజులు కారు, ఆ కుండలు ఎవరివో వారే. మనమూ అంతే గదా! పెండ్లికి పాత్రలు కొంటే అంగడిలోనే పేరు చెక్కిస్తాము. ఇంటికి వచ్చి మా గిన్నెలు తిప్పి చూసినాను. మా అవ్వ కాపురానికి తెచ్చుకొన్న ఇత్తడి బిందె మీద పేరు తెలుగులో ఉన్నది. మా అమ్మ పాత్రల మీద తమిళములో ఉన్నది. మా ఇంటి పాత్రల మీద ఇంగ్లీషులో ఉన్నది. మూడు తరములు, మూడు లిపులు. త్రవ్వకము అవసరము లేకుండానే మా వంటింటిలో చరిత్ర పొరలు పొరలుగా కనబడినది.

కోయంబత్తూరు వారికి కీళడి దూరమైతే, నొయ్యల్ నది వెంట తూర్పుగా పోతే ఈరోడు జిల్లాలో కొడుమణల్ ఉన్నది. 1980ల నుంచి అక్కడ జరిగిన త్రవ్వకములలో ఇనుము, ఉక్కు కరిగించిన కొలుములు, పచ్చరాళ్లు, స్ఫటికములు సానబట్టిన పనివారి చోట్లు దొరికినవి. పేర్లు గీసిన పెంకులు వందల కొద్ది ఉన్నవి. తమిళ పేర్లతోపాటు ఉత్తరాది ప్రాకృత పేర్లు కూడా ఉన్నవి. అంటే అప్పటికే అక్కడ వలస వచ్చినవారు ఉన్నారు! పోదనూరు జంక్షను పక్కనే ఉన్న వెల్లలూరులో 1842లో 500కు పైగా రోమను వెండి నాణెములు దొరికినవి. అగస్టసు, టైబీరియసు చక్రవర్తుల కాలపువి. పాలక్కాడు కనుమ గుండా నేడు మన రైళ్లు పోయే దారిన ఆనాడు బండ్లు పోయినవి.

మధుర పక్కన మాంగుళం కొండ గుహలలోని వ్రాతలను 1882లో రాబర్టు సీవెల్ గారు కనుగొన్నారు. అది తమిళమేనని కె. వి. సుబ్రహ్మణ్య అయ్యర్ గారు 1924లో తేల్చి చెప్పినారు. నెడుంజెళియన్ అనే పాండ్యుని పేరు అందులో ఉన్నది. ఎన్నో వందల ఏండ్లు గొర్రెల కాపరులు వాటి పక్కనే పడుకొని లేచి ఉంటారు. చదివేవాడు వచ్చిన నాడే రాయికి నోరు వచ్చినది.

మన తెలుగు నేల

మన పెద్దలు వదలి వచ్చిన నేల కూడా తక్కువది కాదు. మహబూబునగరు ప్రాంతమున ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ గారు త్రవ్వినారు. నాలుగున్నర వేల ఏండ్ల నాటి పశువుల దొడ్డి అది. పేడ కుప్పలు కాలి బూడిద దిబ్బ అయినది. ఆ నేలలో పశువుల గిట్టల గుర్తులు అట్లాగే ఉన్నవి. వారు పశువులను సాకినారు గాని ఒక్క అక్షరమూ వ్రాయలేదు. కనుక వారి పేరు మనకు తెలియదు.

కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలు స్తూపములో 1892లో దొరికిన రాతి భరిణెల మీద, క్రీస్తుకు పూర్వపు బ్రాహ్మి లిపిలో, ప్రాకృత భాషలో, దానము చేసిన గోష్ఠివారి పేర్లు వరుసగా ఉన్నవి. ఈ సంచిక చివర మన సభ్యుల పట్టిక ఉంటుంది చూడండి, అట్లాగే! కడప జిల్లా కలమళ్లలో 575 ప్రాంతమున రేనాటి చోళరాజు ధనంజయుడు వేయించిన శాసనముతో తెలుగు రాతికెక్కినది.

అక్కడి నుంచి మన పెద్దలు ఇటు వచ్చినారు. 14వ శతాబ్దమున విజయనగర యువరాజు కుమార కంపన దండయాత్ర తరువాత కొందరు, 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో పాలన స్థాపించి 72 పాళెములు ఏర్పరచిన తరువాత ఇంకా కొందరు. నల్లరేగడి కనబడినచోట నాగలి దింపినారు, బావి త్రవ్వినారు, పత్తి వేసినారు. ఇక్కడివారు చోటు ఇచ్చినారు, నేర్పినారు, నేర్చుకొన్నారు. ఆ కాలమున మధుర తెలుగు వచనమునకు పుట్టినిల్లువలె ఉండినది. రాయవాచకము విశ్వనాథ నాయకుని స్థానాపతి పేర వెలసినది. విజయరంగ చొక్కనాథుని కాలమున సముఖము వెంకట కృష్ణప్ప నాయకుడు జైమినీ భారతమును వచనమున వ్రాసినాడు. గుంటూరులోను, ఓరుగల్లులోను కాదు, ఇక్కడే! మధురలో!

మన పిల్లలలో ఎంతమంది ఆ పుస్తకము పేరు చదవగలరు?

తాతగారి పద్దు

ముందు ఎవరు, వెనుక ఎవరు అని మన పిల్లలు బడిలో వాదములు వింటున్నారు. వచ్చి నన్ను అడుగుతారు. నేను చెప్పేది ఇది: కొడుమణల్‌లో రెండు వేల ఏండ్ల క్రిందటనే ఇరుగుపొరుగున రెండు భాషల పేర్లు ఉన్నవి. ముందు వచ్చినామని గొప్ప లేదు, వెనుక వచ్చినామని చిన్నతనము లేదు. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. మా పిల్లలు దానిని బాగుగా చదవవలెను. కాని దానికోసము తాతగారి చేవ్రాలు బొమ్మలుగా మారిపోనవసరము లేదు. ఈ రెండింటికీ పోటీ లేదు.

మిగిలిన పుస్తకమును ఆదివారములు కూర్చొని నేను మెల్లగా చదివినాను. విత్తనములు, ఎద్దుల బేరము, బావి పూడిక తీసిన కూలి. ఒక కరువు ఏటి పుటలో పక్కింటి తమిళ కుటుంబము వారికి జొన్నలు రెండు మణుగులు ఇచ్చినట్లు పద్దు ఉన్నది. దానికి ఎదురుగా జమ లేదు. దాని కింద చిన్న అక్షరములతో, “వచ్చినది లేదు. అడుగవలసిన పని లేదు” అని వ్రాసి ఉన్నది.

మా తాతగారు సుమేరు పేరు కూడా వినలేదు. కాని లగష్ రాజు శాసనము వేయించి చేసిన పనిని ఆయన ఒక చిన్న పుటలో చేసినాడు. ఆ ఇంటివారితో మాకు నేటికీ రాకపోకలు ఉన్నవి. ఎందుకంత ప్రేమో చిన్నప్పటి నుంచి నాకు తెలియదు, ఇప్పుడు తెలిసినది. తూకానికి పోయిన మూడు పుస్తకములలో ఇంకా ఏమేమి ఉన్నవో ఎవరూ చెప్పలేరు. కోటి రూపాయల బహుమానము పెట్టినా చెప్పలేరు.

కనుక నా విన్నపము చిన్నది. మీ ఇంటి అటక మీద పాత తెలుగు పుస్తకము, తాటాకు కట్ట, పద్దు, ఉత్తరము ఏదైనా ఉంటే తూకానికి వేయకండి. చదువరాకపోతే సంఘమునకు తీసుకొనిరండి. చదవగలవారము కొందరము ఉన్నాము, కూర్చొని చదివి చెప్పుతాము. ఈ ఉగాది నాడు పచ్చడి తిన్న తరువాత ప్రతి ఇంటిలోను ఒక పిల్లవానికి, ఒక పిల్లకు తన పేరు తెలుగులో వ్రాయుట నేర్పండి. చాటలో బియ్యము చాలును. పలక కూడా అక్కరలేదు.

మా చిన్నవాడు ఇప్పుడు ౧ నుంచి ౧౦ వరకు అంకెలు వ్రాస్తున్నాడు. ఏడు తిరగబడుతున్నది. పరవాలేదు, వస్తుంది.